తలుగు మాత్రం ఇవ్వలేదు

నేను ఒక రైఫిల్‌ని. ఈ మాట వినగానే మీలో సగం మంది ఒక అడుగు వెనక్కి వేసి ఉంటారు. అక్కర్లేదు. నలభై ఏళ్లు పైబడిన నా బతుకులో ఒక్క మనిషిని చంపలేదు. నా వల్ల చచ్చింది ఒక మేక, అదీ పొరపాటున. కానీ నా వల్ల ఒక ఇల్లు చావు అంచు దాకా వెళ్లి వచ్చింది. అది చెప్పడానికే నోరు తెరిచాను. నా నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మాట్లాడనిచ్చినవాళ్లే లేరు.

సోకుగా చెప్పడం నాకు రాదు. ఉక్కు కడ్డీకి నడుమ బెజ్జం తొలిచి, వెనక అక్రోటు చెక్క బిగిస్తే నేను. ప్రభుత్వ కర్మాగారంలో పుట్టాను. నన్ను తొలిచిన కార్మికుడి పేరు నాకు తెలియదు. బొటనవేలు గోరు నల్లగా చితికి ఉండేది, అదొక్కటే గుర్తు. జీవితమంతా తుపాకులు చేసిన ఆ మనిషి ఒక్క తుపాకి కొనలేడు. ఇందులో వింత లేదు. మీ ఇంట్లో ఏ వస్తువును అడిగినా దాన్ని చేసినవాడి గురించి ఇదే చెబుతుంది.

నా మొదటి యజమాని ఒక దొర. ఊళ్లలో సంఘాలు లేచిన రోజులవి. జీతగాళ్లు కూలి పెంచమని అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్ల చేతుల్లో ఏమీ లేదు, అయినా దొరకు భయం వేసింది. నన్ను కొని గడిలో గోడకు తగిలించాడు. ఊరు నన్ను చూసి భయపడాలని ఆయన ఆశ. ఊరు అంతగా పట్టించుకోలేదు. ఒకసారి జొన్న చేనులో అడవిపంది వచ్చిందని కాల్చాడు. పడింది పంది కాదు, గొల్ల మల్లయ్య మేక. మల్లయ్య ఆ మేకను తెచ్చి గడి మెట్ల మీద పెట్టి నిలబడ్డాడు. దొర పైసా ఇవ్వలేదు. మేకను మాత్రం వండించుకున్నాడు. నా వేట చరిత్ర అంతా కలిపి ఇంతే.

దొర పోయాక ఆయన కొడుకు గడిని అమ్మాడు, నన్ను హైదరాబాదులో ఒక తుపాకుల దుకాణంలో పెట్టి పోయాడు. దుకాణం ముర్తుజా సాబ్‌ది. పదకొండేళ్లు అక్కడి అద్దాల బీరువాలో నిలబడ్డాను. కొత్త రకాలు వచ్చాయి, పోయాయి. నా మెడకు కట్టిన ధర చీటీ మూడుసార్లు మారింది, మూడుసార్లూ కిందికే.

అప్పుడు వచ్చాడు చింతల ఓదెలు.

పెద్దపల్లి వైపు పల్లె ఆయనది. యాభై రెండేళ్లు, పల్చటి ఒళ్లు, నిటారుగా నిలబడే అలవాటు. మిలిటరీలో పద్నాలుగేళ్లు చేశాడు. సిపాయి అనుకునేరు, వంటవాడు. తల్లికి పక్షవాతం వస్తే చూసేవాళ్లు లేక పేరు కొట్టించుకుని వచ్చేశాడు. ఇంకొక్క ఏడాది ఉంటే పింఛను వచ్చేది. ఆ ఏడాది ఆయన నాలుక మీద పుండులా ఉండిపోయింది, ఏ మాట మాట్లాడినా దానికి తగిలేది. ఆ తర్వాత నూలు మిల్లులో పనిచేశాడు, అదీ మూతపడింది. ఆ రోజు ఆయన వెంట భార్య కనకవ్వ ఉంది. చేతిలో బట్ట సంచి, సంచిలో ఒక బర్రెను అమ్మిన డబ్బు.

వంటవాడికి తుపాకి ఎందుకని మీరు అడగాలి. చెబుతాను. కరీంనగర్‌లో బ్యాంకులకు కాపలావాళ్లను పంపే ఏజెన్సీ ఒకటి ఉంది. గన్‌మన్‌గా తీసుకుంటాం, కానీ తుపాకి నువ్వే తెచ్చుకోవాలి అంది. డాక్టరు కత్తి ఆసుపత్రిది. డ్రైవరు బస్సు డిపోది. బ్యాంకు డబ్బు కాయడానికి మాత్రం డబ్బులేనివాడు తన డబ్బుతో తుపాకి కొనుక్కుని రావాలి. తుపాకి ఉంటే గన్‌మన్. లేకపోతే కర్ర పట్టుకుని నిలబడే వాచ్‌మన్, సగం జీతం. ఈ పద్ధతి కనిపెట్టినవాడికి సన్మానం ఏదైనా జరిగిందో లేదో నాకు తెలియదు.

లైసెన్సు కోసం ఓదెలు రెండేళ్లు తిరిగాడు. చేతికొచ్చాక చూస్తే, ఫలానా తేదీలోపు తుపాకి కొనకపోతే చెల్లదని రాసి ఉంది. దుకాణానికి వచ్చేనాటికి ఆ తేదీకి తొమ్మిది రోజులుంది.

ముర్తుజా సాబ్ ఒంటిగొట్టం తుపాకి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తీస్కో భయ్యా. గన్‌మన్లందరు ఇదే పట్కపోతరు. నీ దగ్గరున్న పైసలకు సరిపోతది, బస్సు కిరాయి గూడ మిగుల్తది."

ఓదెలు దాన్ని చూడలేదు. బీరువాలో నన్ను చూస్తున్నాడు.

"అది రైఫిలు గదా?"

"రైఫిలే. నీ సంచికి ఎక్కువైతది."

"ఒక్కసారి చేతికియ్యుండ్రి."

ఇచ్చాడు. పదకొండేళ్ల తర్వాత ఒక మనిషి చేయి నాకు తగిలింది. మోటు చేయి, వేళ్ల మీద నూనె చిట్లిన పాత మచ్చలు. బోల్టు లాగాడు, వదిలాడు, భుజానికి ఆనించాడు, చెంప నా చెక్కకు తాకించాడు. పద్నాలుగేళ్లు ఆయన రైఫిళ్ల మధ్య బతికాడు, వాటిని మోసేవాళ్లకు రొట్టెలు కాల్చాడు. ఆయన చేతికి రైఫిలు ఏడాదికోసారి వచ్చేది, నాలుగు తూటాలు కాల్పించి తిరిగి లాక్కునేవాళ్లు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ చెంప బరువులోనే సగం అర్థమైంది.

"మంచిగనే ఉన్నవు గని ఇగ దించు," అంది కనకవ్వ.

దించాడు. ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. నాలుగో రోజు తిరిగి వచ్చారు. రెండో బర్రె కూడా సంచిలో ఉంది.

ఓదెలు చేసిన పొరపాటు ఇది. ఒక బర్రె ఉంచుకుని ఒంటిగొట్టం కొనుక్కుని ఉంటే ఇంట్లో పాలుండేవి. పూటకు మూడు లీటర్లు పాలకేంద్రంలో పోసి కనకవ్వ ఉప్పుకూ పప్పుకూ వెతుక్కోకుండా నడిపేది. ఆ రెండోది చుక్కబర్రె, నొసటి మీద తెల్ల చుక్క ఉన్నది, ఆమె చేతుల్లో పుట్టి పెరిగినది. ఆమె ఎందుకు ఒప్పుకుంది అంటారా? ఏడాది తిరిగేలోపు జీతంలోంచి చుక్కబర్రెను మళ్లీ కొని ఇంటికి తోలుకొస్తానని ఓదెలు మాట ఇచ్చాడు. పెళ్లయ్యాక ఆ మనిషి తనకోసం అడిగిన మొదటి వస్తువును నేనే. కాదనలేకపోయింది.

డబ్బు బల్ల మీద పోశాక ముర్తుజా సాబ్ పది తూటాలు లెక్కపెట్టి ఇచ్చాడు. భుజాన వేసుకునే తోలు బెల్టుకు వేరే డబ్బన్నాడు. సంచి దులిపి చూశారు. ఏమీ రాలలేదు. అప్పుడు కనకవ్వ సంచి అడుగు నుంచి ఒక తాడు తీసింది. చుక్కబర్రె తలుగు.

ఆ పల్లెల్లో పశువును అమ్మినప్పుడు తలుగు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని కట్టుకుపోవాలి. పాతది విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటారు, అది ఉంటే పాడి మళ్లీ ఇంటికి వస్తుందని. సంతలో కొన్నవాడు పోచయ్య అని పక్క ఊరివాడే. కనకవ్వ చుక్కబర్రె మెడ నుంచి తలుగు విప్పి, ఆ చెమట ఆరకముందే సంచిలో పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని నా మెడకూ నడుముకూ ముడివేసింది. ముర్తుజా సాబ్ కళ్లద్దాలు పైకెత్తి చూశాడు.

"అమ్మా, ఇది ఎటూ పారిపోదు."

"ఏమో సాబూ. రెండు బర్లు తిన్నది. కట్టేస్తేనే నయం."

బస్సులో ఓదెలు నన్ను దుప్పటిలో చుట్టి మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. కనకవ్వ కిటికీ వైపు చూస్తూ అడిగింది. "ఇది రోజుకెన్ని లీటర్లిస్తది?"

"రోజుకియ్యదు. నెలకొక్కసారి ఇస్తది. పిండుకునుడు తెల్వాలె."

"దాణా?"

"దాణా గీణా ఏమద్దు. ఇంత నూనె."

"అయితే బర్రె కంటె నయమే," అని ఆమె నవ్వింది. ఆ నవ్వు మీద నేను చాలాకాలం బతికాను.

కరీంనగర్‌లో బ్యాంకు గుమ్మం దగ్గర మా ఉద్యోగం. పది గంటల నుంచి ఆరు దాకా ఓదెలు నిలబడతాడు, నేను ఆయన భుజాన వేలాడతాను. జీతంలో తుపాకికని వేరే కొంత ఇచ్చేవాళ్లు. అంటే నాకూ జీతం ఉండేది. నిలబడేది ఆయన, కాళ్లు వాచేవి ఆయనవి.

పెన్షను ముసలివాళ్లు నా తాడు చూసి వేళాకోళం చేసేవాళ్లు. "ఏం ఓదెలన్నా, తుపాకి పొడుస్తదా ఏంది, కట్టేసినవ్?" బ్యాంకు మేనేజరు సుభాషిణి మేడం ఒకరోజు పిలిచి, పైనుంచి తనిఖీకి వస్తారు, ఆ తాడు మార్చమంది. తోలు బెల్టుకు డబ్బు తీయడం ఓదెలుకు మనసొప్పలేదు, ప్రతి రూపాయి చుక్కబర్రె వైపు నడుస్తోంది. బూట్ల పాలిష్ డబ్బా కొని, తలుగుకు రెండు పూతలు పూశాడు. దూరం నుంచి చూస్తే తోలులాగే ఉంది. తనిఖీకి వచ్చినాయన "వెరీ గుడ్" అన్నాడు. ఆ నల్లరంగు నా గొట్టానికి కూడా అంటింది.

ఇంట్లో కనకవ్వ వారానికోసారి తూటాలు లెక్కపెట్టేది. చదువు రాదు గానీ పదిదాకా ఆమె లెక్క తప్పదు. మెత్తటి గుడ్డతో ఒక్కోదాన్ని తుడిచి డబ్బాలో వరుసగా పేర్చేది. బర్రె పొదుగు కడిగే చేతులు అవి, ఖాళీగా ఉండటం వాటికి రాదు.

ఏడు నెలలు ఇలా గడిచాయి. ఎనిమిదో నెలలో ఎన్నికలొచ్చాయి.

ఎన్నికలంటే ప్రజల పండుగ అని మీరు చదువుకుని ఉంటారు. నావంటి వాటికి అది జైలు. ప్రకటన రాగానే లైసెన్సు ఉన్న తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి. లైసెన్సు లేని తుపాకులు ఆ రెండు నెలలూ ఎక్కడుంటాయో, ఎవరి జీపుల్లో తిరుగుతాయో నన్ను అడగకండి. అవి మాకు కనపడవు. స్టేషన్ గదిలో వరుసగా నిలబడేవి ప్రభుత్వానికి తన పేరూ ఊరూ ఫోటో ఇచ్చుకున్నవాళ్ల తుపాకులే.

బ్యాంకు కాపలావాళ్లకు మినహాయింపు ఉంది. వీడు మా గన్‌మన్ అని ఉత్తరం రాసిస్తే, ఒక కమిటీ చూసి సరేనంటుంది. ఈ సంగతి ఓదెలుకు ఎవరూ చెప్పలేదు. ఆయనా ఎవరినీ అడగలేదు. ఆర్డరు వచ్చిందంటే పాటించాలి, అదొక్కటే మిలిటరీ ఆయనకు నేర్పిన వంట కాని పని. ప్రకటన వచ్చిన మర్నాడు పొద్దున్నే నన్ను నూనెతో తుడిచి స్టేషన్‌కు తీసుకెళ్లాడు. జిల్లాలో అందరికంటే ముందు. స్టేషన్ పుస్తకాలు రాసే రైటర్ ఇచ్చిన రసీదు మీద ఒకటో నంబరు. ఆ కాగితం చూసుకుని మురిసిపోతూ వెళ్లాడు, నాకు గోడ మీది కిటికీలోంచి కనిపించింది.

ఆ సాయంత్రమే ఏజెన్సీ ప్రభాకర్ సారు దగ్గర ఏం జరిగిందో నాకు ఓదెలు నోటనే తెలిసింది. తర్వాత నన్ను తుడుస్తూ ఆయన ఎన్నోసార్లు ఆ మాటలే చెప్పుకునేవాడు.

"ఎవడు ఇయ్యమన్నడయ్య నిన్ను? మిగిలినోళ్లందరు ఆగిన్రు గద. లిస్టు పంపుతున్న, మినాయింపు వస్తది."

"ఆర్డర్ అన్నరు సారూ."

"ఆర్డర్ అంటే ఉరుకుతవా? తుపాకి లేకుంట నువ్వెందుకు నాకు? ఎండకు నిలబడనీకె మనుషులు మస్తుగున్నరు."

మర్నాడు బ్యాంకు గుమ్మం దగ్గర ఇంకొకాయన నిలబడ్డాడు, ఒంటిగొట్టంతో. ఆర్డరు వినిపించుకోనివాళ్లందరి ఉద్యోగాలూ నిలిచాయి. ముందు విన్నవాడిది పోయింది.

రెండు నెలలు నేను స్టేషన్‌లో ఉన్నాను. ఆ రెండు నెలలూ ఓదెలు ఇటుక బట్టీకి వెళ్లాడు. చుక్కబర్రె కోసం దాచినదంతా తిండికి కరిగిపోయింది. ఎన్నికల లెక్కింపు అయిన మర్నాడు వచ్చి నన్ను విడిపించుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, బోల్టు లాగితే మూలిగాడు.

ప్రభాకర్ సారు ఆయన్ను నెలన్నర తిప్పించుకుని, చివరికి ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు. ఇంకో బ్యాంకు, ఇంకో గుమ్మం. కనకవ్వ ఆ రోజు బెల్లం పొంగలి వండింది. పోచయ్య దగ్గరికి వెళ్లి, చుక్కబర్రెను ఇంకెవరికీ అమ్మవద్దని చెప్పి వచ్చింది. అది ఈనిందని, పడ్డ, అంటే ఆడదూడ, పుట్టిందని, నొసటి మీద తల్లికున్నట్టే చుక్క ఉందని చెబుతుంటే ఆమె గొంతు పూర్తిగా మారిపోయింది.

చేరిన మూడో వారం ఇంకో ఎన్నికల ప్రకటన వచ్చింది. అసెంబ్లీది అయిపోయింది కదా, ఇప్పుడు పార్లమెంటు.

ఈసారి ఓదెలు తొందరపడలేదు. నేర్చుకున్నాడు. నన్ను ఇంట్లోనే ఉంచి ఉత్తరం కోసం తిరిగాడు. తెలిసినావిడ కదా అని ముందు పాత బ్యాంకు సుభాషిణి మేడం దగ్గరికే వెళ్లాడు. ఆమె మంచిదే. కూర్చోబెట్టి టీ ఇప్పించింది. "ఓదెలు గారూ, మీరు మా ఉద్యోగి కారు, ఏజెన్సీ మనిషి. నేను రాస్తే చెల్లదు," అంది. ఏజెన్సీకి వెళ్తే రేపు రా అన్నారు. రేపు వెళ్తే ఎల్లుండి అన్నారు. అప్పజెప్పడానికి గడువు వారం. ఆరు రోజులు ఉత్తరం కోసమే పోయాయి. ఏడో రోజు సాయంత్రం ప్రభాకర్ సారు తలుపు దగ్గరగా వేసి, కొంచెం జాలిగానే చెప్పాడట. ఆ రాత్రి ఓదెలు కనకవ్వకు చెబుతుంటే విన్నాను.

"నీకు లెటర్ ఇయ్యలేను ఓదెలూ. మా కాయిదాలల్ల నువ్వు గన్‌మన్‌వి కావు."

"మరి నేనేంది సారూ?"

"హౌస్ కీపింగ్. ఊడ్చెటోడివి. గన్‌మన్ అని రాస్తే పీఎఫ్‌లు గీయెఫ్‌లు మస్తు కట్టాలె. శానమందికి గట్లనే రాస్తం."

"పోయినసారి లిస్టు పంపిన్రు గదా."

"ఆ లిస్టుల నలుగురు గన్‌మన్లని అసలు రోల్స్‌ల రాసి ఉన్నోళ్లు. నువ్వు లేవు."

అంటే పనిచేసిన ఎనిమిది నెలలూ కాగితాల్లో ఓదెలు చేతిలో ఉన్నది చీపురు. అంటే నేను చీపురుని. రెండు బర్రెలకు కొన్న చీపురు. ముందే అప్పజెప్పినందుకు ఒకసారి పోయాడు, ఆగినందుకు ఇంకోసారి పోయాడు. ఏ కాలు ముందు పెట్టినా గోతిలోనే పడేలా దారి వేసి, నడవడం రాదని మనిషినే తిట్టే లోకం ఇది.

మర్నాడు పొద్దున ఎండ ఇంకా పశువుల కొట్టం గడప దాటలేదు. ఓదెలు నన్ను తీసుకుని ఆ ఖాళీ కొట్టంలోకి వచ్చాడు. కుడితి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. జేబులోంచి ఒక తూటా తీసి నాలో పెట్టి బోల్టు మూశాడు.

నేను మీకు అబద్ధం చెప్పను. దేనికి పుట్టానో నాకు తెలుసు. నలభై ఏళ్లుగా నా కడుపులో అంత నిండుగా ఎప్పుడూ లేదు. అయినా ఆ పూట నేను నన్నే అసహ్యించుకున్నాను. ఆయన మోకాళ్ల మీద నా మూతి ఒకసారి కరీంనగర్ రోడ్డు వైపు తిరిగింది. కాసేపయ్యాక ఆయన గడ్డం వైపు తిరిగింది. మళ్లీ రోడ్డు వైపు. ఎవరి కోసమో ఆయనకే తేలలేదని నా నమ్మకం.

ఇంట్లోంచి డబ్బా మూత చప్పుడు వినిపించింది. తర్వాత కనకవ్వ కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది.

"తొమ్మిదే ఉన్నయి," అంది.

ఓదెలు తల ఎత్తలేదు.

ఆమె అరవలేదు, ఇరుగుపొరుగును పిలవలేదు. పక్కనుంచి మెల్లగా వచ్చి, నన్ను ముట్టుకోకుండా, నా నడుముకు కట్టి ఉన్న తలుగు పట్టుకుంది. లాగింది. తుపాకిని లాగినట్టు కాదు, మొండికేసిన బర్రెను లాగినట్టు, ఆగి ఆగి, నాలుకతో చిన్నగా చప్పుడు చేస్తూ. నా మూతి ఆయన నుంచి తప్పుకుని కొట్టం గోడ వైపు తిరిగింది.

"నేనొక్క ఏడాది ఆగి ఉంటే అయిపోతుండె కనకవ్వా."

"ఏ ఏడాది? మిలిటరీదా, మొన్నటిదా?"

"అన్నీ."

"ఏడాదులు లెక్కబెట్టుకుంట కూసుంటే నువ్వు మిగులవు, నేను మిగుల. తూటా తియ్యి."

"నీ బర్లు రెండు తిన్న."

"తిన్నవు. ఇగ అరిగించుకో. తియ్యి."

ఆమె తలుగు వదల్లేదు. చివరికి ఆయన బోల్టు వెనక్కి లాగాడు. పదో తూటా ఎగిరి పేడ అలికిన నేల మీద పడి, దొర్లి, ఆమె కాలి మట్టెకు తగిలి ఆగింది. కనకవ్వ దాన్ని తీసి కొంగుతో తుడిచింది. అప్పుడు కూర్చుని ఏడ్చింది. ఆయన ఏడవలేదు. ఆమె కొంగు చివర పట్టుకుని కూర్చున్నాడు.

ఎండ నెత్తికెక్కేలోపు ఇద్దరూ నన్ను తీసుకుని స్టేషన్‌కు నడిచారు. నేను ఆయన భుజాన, తూటాలు ఆమె కొంగులో. రైటర్ పుస్తకం తెరిచి తేదీ చూశాడు.

"నిన్నటితో గడువు అయిపోయింది. పోయినసారి ఒకటో నంబరు నీదే గదా, ఈసారి ఏమొచ్చింది? కేసు పెట్టొచ్చు, తెలుసా?"

ఓదెలు అలవాటు కొద్దీ నిటారుగా నిలబడ్డాడు. కనకవ్వ ముందుకు వచ్చింది.

"పెట్టు సారూ. జైల్ల అన్నం పెడతరట గదా. ఇద్దరి మీద పెట్టు, ఒక్కన్ని పంపితే నేనేం తినాలె?"

తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేక బయటికి వెళ్లాడు. రైటర్ ఆమెను ఒకసారి, ఆయన్ను ఒకసారి చూశాడు. కేసు మాట మళ్లీ ఎత్తలేదు. నిన్నటి తేదీ వేసి రాయడం మొదలుపెట్టాడు. రైఫిలు ఒకటి. తూటాలు పది. నల్ల తాడు...

"తాడు రాయకు," అంది కనకవ్వ.

"తుపాకితోని ఉన్నదంత రాయాలమ్మా."

"అది తుపాకిది కాదు. మా బర్రెది."

ఆమె నా మెడ దగ్గర ముడి విప్పింది. పాలిష్ పట్టి బిగిసిపోయింది, గోళ్లతో రాలేదు, పళ్లతో పట్టి లాగింది. తర్వాత నడుము దగ్గరిది.

"ఎన్నికలు కాంగనే వచ్చి తీస్కపోండ్రి," అన్నాడు రైటర్ రసీదు చింపుతూ.

"మేం ఇగ రాము సారూ," అన్నాడు ఓదెలు. ఆ రోజు స్టేషన్‌లో ఆయన మాట్లాడిన మాటలు అవే. "ఎవరికన్న అమ్మితే అమ్ముండ్రి. సంతకం పెడత."

"దీన్ని ఇచ్చుడు ఇచ్చినం," అంది కనకవ్వ, తలుగును చేతికి చుట్టుకుంటూ. "తలుగు మాత్రం ఇయ్యం."

వాళ్లు వెళ్లిపోయి చాలాకాలమైంది. తర్వాత ఇంకో ఎన్నికలు వచ్చాయి, అయ్యాయి. పక్క తుపాకుల కోసం మనుషులు వచ్చి తీసుకెళ్లారు, మళ్లీ తెచ్చి పెట్టారు. నా కోసం ఎవరూ రాలేదు. లైసెన్సు గడువు కూడా దాటిందని రైటర్ ఎవరితోనో అన్నాడు. వేలంలో ఎవరూ పాడకపోతే నన్ను కోసి కరిగిస్తారట. కోయనివ్వండి. రెండు బర్రెలను మింగినదాన్ని, ఒక నాగటి కర్రుగానైనా తేలితే అప్పు కొంత తీరుతుంది.

మొన్న ఆ నవ్విన కానిస్టేబుల్ గది దులుపుతూ పక్కవాడితో అంటుంటే విన్నాను. పల్లె వైపు డ్యూటీకి పోతే రైఫిలు ఓదెలు కనిపించాడట. పోచయ్య దగ్గర చుక్కబర్రె పడ్డను పాలుకు తెచ్చుకున్నారట. వీళ్లు పెంచాలి, అది పెరిగి ఈనాక వచ్చినదాంట్లో చెరి సగం. ఇంకా మూడేళ్ల మాట. ఓదెలు దాన్ని గట్టు వెంట మేపుతూ పోతున్నాడట.

"తలుగు సూడాలె నువ్వు," అన్నాడు కానిస్టేబుల్. "బూటు లెక్క మెరుస్తున్నది. ఆ పడ్డ దాన్నే నాకుతది, ఆయిన గుంజుతడు, అది నాకుతది."

ఇక్కడ నా పక్కన ఇరవై తుపాకులకు పైగా ఉన్నాయి. అన్నింటికీ తోలు బెల్టులే. నా మెడ దగ్గర తాడు ఒరిసిన చోట మాత్రం నల్లటి చార ఒకటి మిగిలింది. కానిస్టేబుల్ రెండుసార్లు గుడ్డ పెట్టి రుద్దాడు, పోలేదు.